కాగితం నుంచి కంప్యూటర్‌కి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రికార్డుల గురించే. బడి, అపార్ట్‌మెంటు, ప్రెస్సు, దుకాణం, కంపెనీ, క్లినిక్... అడిగినవాళ్లు వేర్వేరైనా అందరికీ ఒకచోటే పని ఆగిపోతోంది. కాగితాన్ని బొమ్మగా మార్చడం తేలికే. ఆ బొమ్మ అవసరమైన రోజున చేతికి దొరకడమే కష్టం. అందుకే ఈసారి జవాబుల్లో యంత్రాల కన్నా జాబితాల గురించి ఎక్కువ చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: మాది 1944లో పెట్టిన పాఠశాల. అడ్మిషన్ రిజిస్టర్లు 12 ఉన్నాయి. మొదటి రెండూ ఉర్దూలో, మిగతావి తెలుగు, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. డూప్లికేట్ టీసీ కోసమో, పుట్టినతేదీ ధ్రువీకరణ కోసమో వారం వారం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఒక సంస్థ పేజీకి ఇంత అని స్కానింగ్‌కు కొటేషన్ ఇచ్చింది. ఒప్పుకోవచ్చా? (పాఠశాల కరస్పాండెంట్, మలక్‌పేట)

జవాబు: కొటేషన్‌లో స్కానింగ్ ఒక్కటే ఉంటే ఒప్పుకోకండి. ఒకసారి లెక్క వేసి చూడండి. రిజిస్టరుకు ఎదురెదురు పేజీల జతలు 100 చొప్పున ఉంటే 12 రిజిస్టర్లకు 1,200 జతలు. పైనుంచి ఫొటో తీసే పుస్తకాల స్కానర్ మీద నిమిషానికి రెండు జతలు తీసినా పది గంటల పని. దుమ్ము దులిపి, అంటుకున్న పేజీలు విడదీసుకుంటూ చేసినా మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఇప్పుడు సూచిక, అంటే ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే జాబితా, సంగతి చూద్దాం. జతకు 15 పేర్లు అనుకుంటే 18,000 వరుసలు. పాత చేతిరాత చదివి గంటకు 40 వరుసలు ఎక్కించినా 450 గంటలు, అంటే ఒక మనిషికి రోజుకు ఏడు గంటల చొప్పున రెండు నెలలకు పైమాటే. మీ డబ్బు, శ్రద్ధ వెళ్లాల్సింది ఈ రెండో పనికి. సూచిక లేకుండా 1,200 బొమ్మలు చేతికొస్తే, ఇన్నాళ్లూ బీరువా ముందు నిలబడి వెతికిన గుమస్తా ఇకమీదట తెర ముందు కూర్చుని వెతుకుతాడు. అంతకుమించి మారేదేమీ ఉండదు.

సూచికలో అన్ని కాలమ్‌లూ ఎక్కించక్కర్లేదు. అడ్మిషన్ నంబరు, విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, చేరిన సంవత్సరం, రిజిస్టరు సంఖ్య, పేజీ సంఖ్య చాలు. పుట్టుమచ్చలు, కులం, ఇంతకుముందు చదివిన బడి వంటివి బొమ్మలో చూసుకోవచ్చు.

పేరు రిజిస్టరులో ఎలా ఉందో అలాగే ఎక్కించాలి, దిద్దకూడదు. దాని పక్కనే వెతకడం కోసం ఇంకో కాలమ్ పెట్టండి. అందులో ఇంటిపేరు, ఇనీషియల్, మధ్య ఖాళీలు తీసేసి పేరు ఒక్కటే ఉంచండి. ‘కె. వెంకట రమణ’, ‘వెంకటరమణ కె.’ రెండూ అక్కడ ‘వెంకటరమణ’ అవుతాయి. ఇంగ్లీషు రిజిస్టర్లలో లక్ష్మిని కేఎస్‌హెచ్‌తోనూ ఎక్స్‌తోనూ రాశారు. మహమ్మద్‌కైతే నాలుగైదు స్పెల్లింగులు. ఈ కాలమ్‌లో వాటన్నిటికీ ఒకే తెలుగు రూపం పెట్టుకుంటే గొడవ ఉండదు.

తేదీల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 4-7-1962 అని కొడితే, కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి సెట్ అయి ఉన్నప్పుడు ఎక్సెల్ దాన్ని ఏప్రిల్ 7గా తీసుకుంటుంది. తెర మీద మీకు కనిపించేది మాత్రం 4/7/1962 అనే. అందుకని రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు కాలమ్‌లలో పెట్టించండి. అడ్మిషన్ నంబరు కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే 0457లో ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

ఉర్దూ రిజిస్టర్లలో ఫసలీ తేదీలు ఉండొచ్చు. నిజాం కాలపు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తేదీలకు 590, జనవరి నుంచి ఆ ఫసలీ ఏడాది చివరిదాకా 591 కలపాలి. 1353 ఫసలీ అంటే 1943 అక్టోబరు నుంచి 1944 అక్టోబరు దాకా. అసలు తేదీని చెరిపేసి మార్చిన తేదీ పెట్టొద్దు. రెండూ పక్కపక్కనే ఉండాలి. ఎక్కడ అనుమానం వచ్చినా చెల్లుబాటయ్యేది రిజిస్టరులో రాసి ఉన్నదే. ఈ రెండు పుస్తకాలకూ ఉర్దూ చేతిరాత చదవగల మనిషిని విడిగా పెట్టుకోండి. హైదరాబాద్‌లో దొరకకపోరు.

స్కానింగ్ విషయంలో గట్టిగా చెప్పాల్సినవి రెండు. మొదటిది, మీ రిజిస్టరులో ఒక విద్యార్థి వరుస ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగుస్తుంది. రెండు పేజీలనూ విడివిడి ఫైళ్లుగా తీస్తే ఎడమవైపు పేరు, కుడివైపు టీసీ తేదీ విడిపోతాయి. జతను ఒకే బొమ్మగా తీయించండి. రెండోది, రంగులోనే తీయించాలి, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకూడదు. పుట్టినతేదీ దిద్దిన చోట హెడ్మాస్టరు ఎర్ర సిరాతో పెట్టిన పొట్టి సంతకం నలుపు తెలుపు స్కాన్‌లో మామూలు గీతలా కలిసిపోతుంది, పెన్సిల్ రాతైతే మాయమే అవుతుంది. షీట్ ఫీడర్‌లో పెట్టడానికి బైండింగ్ కోస్తామంటే ససేమిరా అనండి.

పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చడానికి అడ్మిషన్ నంబర్లే సాక్ష్యం. అవి వరుసగా ఉంటాయి కాబట్టి రిజిస్టరులోని చివరి నంబరు లోంచి మొదటిది తీసేసి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, సూచికలోని వరుసల సంఖ్య ఒకటే కావాలి. తేడా ఉందంటే వరుస దాటేశారు, లేదా పేజీ అంటుకుపోయింది. అడ్మిషన్ నంబరు, పుట్టినతేదీ మాత్రం ఇద్దరు మనుషులతో విడివిడిగా ఎక్కించి పోల్చండి. కలవని చోట్ల రిజిస్టరు తెరిచి చూడండి.

ఇక ఒప్పందం. రిజిస్టర్లు బడి గడప దాటకూడదు. ముందు ఒక్క రిజిస్టరు పూర్తిగా చేసి చూపించాలి. సూచికను మామూలు స్ప్రెడ్‌షీట్‌గా ఇవ్వాలి, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోని రూపంలో ఇస్తామంటే వద్దనండి. పని ముగిశాక తమ దగ్గరున్న కాపీలు చెరిపేశామని రాసివ్వాలి. పిల్లల పుట్టినతేదీలు, కులాలు బయట ఎవరి హార్డ్ డిస్క్‌లోనో పడి ఉండటం మంచిది కాదు. ఇవన్నీ అయ్యాక కూడా అసలు రిజిస్టర్లను భద్రంగా దాచే ఉంచాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు, మీటింగు మినిట్స్ అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. అది మాజీ సెక్రటరీగారి సొంత జీమెయిల్. ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్నారు. ఏం చేయాలి? (సంఘం ట్రెజరర్, మియాపూర్)

జవాబు: ఆయన ఊళ్లో ఉండగానే ఈ పని ముగించండి. మీతో షేర్ చేసినంత మాత్రాన ఫైళ్లు మీవి అయిపోవు, తయారుచేసిన ఖాతావే. ఆయన ఖాతా మూసేసినా, స్థలం చాలక ఫైళ్లు తీసేసినా మీకూ పోతాయి. వ్యక్తిగత ఖాతాను రెండేళ్లపాటు వాడకపోతే గూగుల్ దాన్ని తొలగించవచ్చు కూడా.

సంఘం పేరుతో ఖాతా తెరిచి, పాత ఖాతాలో ఫోల్డరు మొత్తం డౌన్‌లోడ్ చేసి కొత్తదాంట్లో ఎక్కించండి. యాజమాన్యం బదిలీ చేయడం కుదిరినా, ఫోల్డరును బదిలీ చేస్తే లోపలి ఫైళ్లు దాంతోపాటు రావు. ఒక్కో ఫైలుకూ విడిగా చేయాలి కాబట్టి డౌన్‌లోడే నయం. రికవరీ ఫోన్ నంబరు సంఘం తీసుకున్న సిమ్‌ది కావాలి. పాస్‌వర్డ్ ఇద్దరు పదాధికారుల దగ్గర ఉండాలి, కమిటీ మారిన రోజే మార్చాలి. అప్పగింత జరిగినట్టు మినిట్స్‌లో ఒక వాక్యం రాసుకోండి.

మరో మాట. అద్దెకు వచ్చినవాళ్ల ఆధార్ కాపీలు ఆ డ్రైవ్‌లో ఉంటే అవి మీకు నిజంగా అవసరమా అని ఆలోచించండి. అవసరమైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలవుతున్నాయి. దాచుకున్న ప్రతి కాపీకీ బాధ్యత మీదే అవుతుంది.

ప్రశ్న: మా ప్రెస్సులో ఇరవై ఏళ్లుగా అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లు వందల్లో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. యూనికోడ్‌లోకి మార్చే దారి ఉందా? (ప్రెస్సు యజమాని, చిక్కడపల్లి)

జవాబు: ఉంది. కానీ ఫైళ్ల కన్నా ముందు పాత కంప్యూటర్‌ను కాపాడుకోండి. అది నడుస్తున్నంత కాలమే ఈ పని తేలిక.

ఆ పిచ్చి అక్షరాలు ఫైలు చెడిపోయి వచ్చినవి కావు. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఫాంటు ఉంటే ఆ ముక్కలు కలిసి తెలుగులా కనిపిస్తాయి, లేకపోతే లోపలున్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. అందుకే అలాంటి ఫైలు నుంచి చేసిన పీడీఎఫ్‌లో ‘కృష్ణ’ అని వెతికితే, ఎదురుగా కనిపిస్తున్నా దొరకదు. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి స్థానాలు కేటాయించిన యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత స్థానాలున్నాయి కాబట్టి ఏ ఫాంటు వేసినా అక్షరం అదే.

పని ఈ వరుసలో చేయండి. మొదట పాత యంత్రం మీదే ప్రతి పుస్తకానికీ ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీయండి. రేపు ఏది పోయినా పేజీ ఎలా ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది. తర్వాత పాఠాన్ని బయటకు తీయాలి, అదీ ఉత్త టెక్స్ట్‌గా కాకుండా ఆర్‌టీఎఫ్ రూపంలో. ఉత్త టెక్స్ట్‌లో ఏ మాట ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. మధ్యలో ఇంగ్లీషు ఫాంటులో ఉన్న ‘హైకోర్టు’ వంటి మాటను కూడా కన్వర్టరు తెలుగు ముక్కలే అనుకొని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. ఆర్‌టీఎఫ్ ఉంటే అను ఫాంటులో ఉన్న భాగం మాత్రమే మార్చమని చెప్పొచ్చు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7. దాని ఫైళ్లను ఇన్‌డిజైన్ అనే కొత్త తరం సాఫ్ట్‌వేర్‌లో సీఎస్6 దాకా వచ్చిన వెర్షన్లు తెరుస్తాయి, ఆ తర్వాతివి తెరవవు. పాత ఇన్‌డిజైన్ ఎవరి దగ్గరైనా ఉంటే అదీ ఒక దారే.

మార్చాక ప్రూఫులు దిద్దేవారు ముందు చూడాల్సిన చోట్లు: ‘ర్య’, ‘ర్మ’ వంటి రకారంతో మొదలయ్యే జంటలు, ‘స్త్ర’, ‘క్ష్మి’ లాంటి మూడేసి హల్లులు, వట్రసుడి, ‘సాఫ్ట్‌వేర్’లా మధ్యలో పొల్లు నిలవాల్సిన మాటలు. కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు కూడా తారుమారవుతాయి. ఒకే రకం తప్పు పుస్తకం పొడుగునా ఒకేలా వస్తుంది కాబట్టి మొదటి పుస్తకానికే తప్పొప్పుల పట్టిక తయారు చేసుకుంటే, రెండో పుస్తకం నుంచి ఫైండ్ అండ్ రీప్లేస్‌తో సగం భారం దిగుతుంది. పద్యాలున్న పుస్తకాలను మాత్రం మనిషి కంటితో అక్షరం అక్షరం చూడాల్సిందే.

ఫైలు పోయి అచ్చు పుస్తకమే మిగిలితే తెలుగు ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే పద్ధతి) ఉంది. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు చదువుతుంది. శుభ్రమైన అచ్చు మీద బాగానే పనిచేస్తుంది, ఒత్తులు ఇరుక్కున్న పాత లెటర్‌ప్రెస్ పేజీల మీద తడబడుతుంది. అసలు ఫైలు ఉన్నచోట దీని జోలికి పోవద్దు.

‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు వరుస అలవాటైన మీ ఆపరేటర్లు భయపడనక్కర్లేదు. అదే వరుసతో నేరుగా యూనికోడ్ కొట్టే కీబోర్డులు దొరుకుతున్నాయి. ఇవాళ్టి నుంచి కంపోజ్ అయ్యే ప్రతి పుస్తకమూ యూనికోడ్‌లోనే ఉండేలా చూసుకోండి, లేకపోతే మార్చాల్సిన కుప్ప పెరుగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ల తెలుగు పుస్తకాలు మీ పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వాటిని వెలికితీయడం మీ ప్రెస్సుకే కాక పాఠకులకూ మేలు.

ప్రశ్న: పంపుల విడిభాగాల హోల్‌సేల్ మాది. ఆర్డర్లు, రేట్లు, పేమెంటు స్క్రీన్‌షాట్లు అన్నీ వాట్సాప్‌లోనే. గుమస్తా ఫోన్ పోయిన రోజు నుంచి ఎవరికి ఏం పంపామో తెలియక గొడవలు. సాఫ్ట్‌వేర్ కొనాలా? (వ్యాపారి, రాణీగంజ్)

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆర్డరుకు నంబరు ఇవ్వడం మొదలుపెట్టండి. కొనుగోలుదారు వాట్సాప్‌లోనే అడగనివ్వండి, వాళ్ల అలవాటు మార్చలేం. మెసేజ్ రాగానే మీ మనిషి షేర్డ్ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస ఎక్కించాలి: ఆర్డరు నంబరు, తేదీ, పార్టీ, సరుకు, సంఖ్య, ఒప్పుకున్న రేటు, బిల్లు నంబరు, పంపిన తేదీ, డబ్బు వచ్చిన తేదీ. ఆ ఆర్డరు నంబరునే పార్టీకి తిరిగి మెసేజ్ పెట్టాలి. సాయంత్రం షట్టర్ దించేముందు ఖాళీగా మిగిలిన గడులు చూస్తే ఏది ఆగిందో తెలిసిపోతుంది. మూడు నెలలు ఇది తప్పకుండా నడిస్తే, ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలో మీకే తెలుస్తుంది. నడవకపోతే లక్ష పెట్టి కొన్నదీ నడవదు.

వాట్సాప్ ఫోన్ నంబరు షాపుది కావాలి, గుమస్తాది కాకూడదు. బిల్లులు, లారీ రసీదులు ఫొటోగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. వచ్చినవాటిని అదే రోజు ఆర్డరు నంబరు పేరుతో ఫోల్డరులో దాచండి. థర్మల్ కాగితం మీది రసీదులు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కాబట్టి చేతికందిన రోజే స్కాన్ చేయండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. వేడి తగిలితే ఆ కాగితం మొత్తం నల్లబడిపోతుంది.

జీఎస్టీ లెక్కలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలు నడుస్తుంటే అంతకన్నా ఎక్కువ కాలం. ఫోన్ మెమరీని నమ్ముకుని అంతకాలం నెట్టుకురాలేరు.

ప్రశ్న: మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఫైళ్లన్నీ స్కాన్ చేయించాం. ఇక కాగితాలు అమ్మేయొచ్చా? కోర్టులో స్కాన్ చెల్లుతుందా? (అడ్మిన్ అధికారి, నాచారం)

జవాబు: అన్నీ ఒకే గాటన కట్టకండి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, వోచర్లు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. బోర్డు మినిట్స్, సభ్యుల రిజిస్టరు శాశ్వతంగా ఉండాలి. రిజిస్టర్డ్ దస్తావేజులు, స్టాంపు కాగితం మీది ఒప్పందాలు, ప్రామిసరీ నోట్లు, పవర్ ఆఫ్ అటార్నీల అసలు కాగితాలు ఎప్పటికీ అమ్మొద్దు. అసలైనది తెచ్చి చూపమని అడిగే సందర్భాలు వీటికే ఎక్కువ. మిగిలినవాటిని గడువు దాటాక మీ ఆడిటర్‌తో జాబితా మీద సంతకం పెట్టించుకుని, ముక్కలు చేయించి తీసేయండి. తూకానికి వేస్తే జీతాల వివరాలు రోడ్డు మీద పొట్లాలవుతాయి.

కోర్టు సంగతి: 2024 జులై 1 నుంచి సాక్ష్యాల విషయంలో భారతీయ సాక్ష్య అధినియమం వర్తిస్తోంది. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి రెండు భాగాలు, ఒకటి రికార్డు దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని వచ్చే పొడవాటి సంఖ్య ఇది. ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో 64 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఫైలులో ఒక్క కామా మారినా పూర్తిగా వేరే విలువ వస్తుంది. కాబట్టి స్కానింగ్ అయిన రోజే అన్ని ఫైళ్ల హ్యాష్ విలువలు ఒక జాబితాగా తీసి, తేదీ వేసి, విడిగా దాచండి. విండోస్‌లో ఇందుకు అవసరమైన ఆదేశం ముందే ఉంటుంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఆ తర్వాత ఎవరైనా పీడీఎఫ్‌ను ‘కాస్త సైజు తగ్గిద్దాం’ అని కంప్రెస్ చేస్తే హ్యాష్ మారిపోతుంది. మూలం ఫోల్డరును చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, వాడకానికి వేరే కాపీ ఇవ్వండి.

కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో నమోదయ్యే చిట్టా) తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. మీ సాఫ్ట్‌వేర్ పాతదైతే ముందు అది చూసుకోండి.

ప్రశ్న: మా క్లినిక్ రిపోర్టులు, అపాయింట్‌మెంట్లు క్లౌడ్ ఫోల్డరులోనే ఉన్నాయి. ఇంకా బ్యాకప్ అవసరమా? (డాక్టర్, కొంపల్లి)

జవాబు: అవసరమే. మీ కంప్యూటర్‌లోని ఫోల్డరు క్లౌడ్‌తో సింక్ అవుతూ ఉంటే, ఇక్కడ చెరిగింది అక్కడా చెరిగిపోతుంది. రిసెప్షన్ కంప్యూటర్‌లో ర్యాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్లను బందీ చేసే వైరస్) దూరి ఫైళ్లకు తాళం వేస్తే తాళం పడ్డ ఫైళ్లే క్లౌడ్‌కి ఎక్కుతాయి. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు ఉండేది 30 రోజులే. ఏడాది కిందటి రిపోర్టు పోయిందని ఆలస్యంగా తెలిస్తే చేసేదేమీ ఉండదు.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి క్లినిక్ బయట. మీకు క్లౌడ్ ఒకటి ఉంది. రెండు హార్డ్ డిస్కులు కొని ఒక వారం ఒకదాంట్లో, మరుసటి వారం రెండోదాంట్లో కాపీ చేయండి. కాపీ కాగానే తీగ పీకేయాలి, తగిలించి ఉంచిన డిస్కుకూ అదే వైరస్ పాకుతుంది. ఒకటి క్లినిక్‌లో, ఒకటి ఇంట్లో, రెండూ పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి డిస్కుతో కాకుండా వేరేచోట పెట్టండి. మూడు నెలలకోసారి డిస్కు నుంచి ఏవో పది రిపోర్టులు వేరే కంప్యూటర్‌లోకి తీసి, ఒక్కొక్కటీ తెరిచి రోగి పేరు, తేదీ సరిపోయాయో లేదో రిసెప్షన్‌లో ఉండేవాళ్ల చేతే చూపించండి.